బొటనవేలి వారసులు

"మా గ్రంథాలయంలోని ఏడో నంబరు రాతప్రతి, అనగా ఏ భాషో, ఏ లిపో, ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఇంతవరకు ఎవరికీ తెలియని ప్రతి, పూర్తిగా చదవబడినదని ప్రజలకు సంతోషముతో తెలియజేయడమైనది. ఇకమీదట దానిని చూసి ఎవరూ ఆశ్చర్యపడనవసరము లేదు."

ఈ ప్రకటన రాసింది నేనే. ప్రాచీన గ్రంథాలయంలో నోటీసులు రాసే గుమాస్తాను. మా సంస్థ గురించి ఊళ్లోవాళ్లు ఏమనుకోవాలో పద్దెనిమిదేళ్లుగా నేనే ముందుగా అనుకుని, అక్షరదోషాలు సరిచూసి, గోడకు అంటిస్తున్నాను.

ఏడో నంబరు గురించి విననివారు మా ఊళ్లో లేరు. చూసినవారు మాత్రం తక్కువ. అరచేతికి కాస్త పెద్ద పుస్తకం. నూటపదహారు మేకతోలు ఆకులు. వాటి మీద మెలికలు తిరిగిన అక్షరాలు, ఏ తోటలోనూ మొలవని మొక్కల బొమ్మలు, పచ్చటి నీళ్ల తొట్లలో కూర్చుని తీరిగ్గా కబుర్లాడుకుంటున్న ఆడవాళ్లు. ఆరు వందల ఏళ్ల నాటిదని తోలును పరీక్షించినవాళ్లు చెప్పారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు అనడం పొరపాటు. చాలామంది చాలా చెప్పారు. ఒక డాక్టరుగారు వచ్చి చూసి వైద్యగ్రంథమన్నారు. ఒక జ్యోతిష్కుడు జ్యోతిషమన్నాడు. నీళ్ల గొట్టాల కాంట్రాక్టరు ఒకాయన తొట్లను అరగంట సేపు పరిశీలించి, ఆ పని తన చేతికిస్తే ఇంతకంటే బాగా చేసేవాణ్ణన్నాడు. భార్యతో పోట్లాడి వచ్చిన ఒక లెక్చరరు మాత్రం, ఇది ఎవరికీ అర్థం కాకూడదని కావాలనే రాసిందని, అలా రాసే మనుషులను తాను ఎరుగుదునని చెప్పి వెళ్లిపోయాడు.

ఏమీ చెప్పనిది ఒక్క జిగురు పిన్ని. చిరిగిన పుస్తకాలకు మరమ్మతు చేసే ఉద్యోగం ఆవిడది. వరండా చివర ఉత్తరపు కిటికీ ఉన్న గదిలో, సన్న కుంచెలూ, ఎముకతో చేసిన మడత బద్దా, గంజిలా ఉడికించిన జిగురు గిన్నే ముందు పెట్టుకుని ఇరవయ్యారేళ్లుగా కూర్చుని ఉంది. ఏడాదికి రెండుసార్లు ఏడో నంబరును పెట్టెలోంచి తీసి, ఒక్కో ఆకూ తిప్పి, గాలి తగలనిచ్చి, మెత్తటి కుంచెతో దులిపి మళ్లీ పెట్టెలో పడుకోబెట్టేది. పసిపిల్లను పడుకోబెట్టినట్టే ఉండేది ఆ వరస.

ఈ విషయమై ఇంట్లో వాళ్ల అత్తగారికి ఒక అభ్యంతరం ఉండేది.

"అందులో ఏముందో తెలిసిందా ఈసారైనా?"

"లేదత్తయ్యా."

"ఇరవయ్యారేళ్లు! నీ బదులు నేను వెళ్లినా తెలియకుండానే ఉండేది కదే. పోనీ, ఏదైనా కాస్త కల్పించి చెప్పు. పక్కింటావిడ అడిగితే ఏం చెప్పను?"

"తెలియదని చెప్పండి."

"తెలియదని చెప్పడానికి మన ఇంట్లో ఉద్యోగస్తురాలు ఎందుకే?"

అత్తగారు సరదాకి అన్న ఈ మాటే, తర్వాత వచ్చిన కొత్త డైరెక్టరుగారు గంభీరంగా అన్నారు. ఆయన చేపల శాఖ నుంచి బదిలీ మీద వచ్చారు. వచ్చిన మొదటి వారమే మా వార్షిక నివేదిక తెప్పించుకుని చూశారు. "చదవబడనివి" అనే గడిలో "ఒకటి" అని ఉంది. ఏళ్ల తరబడి నేనే ఆ గడిలో ఒకటి వేస్తున్నాను, నాకెప్పుడూ తప్పనిపించలేదు. ఆయనకు మాత్రం అది కంట్లో నలుసైంది. వెంటనే సమావేశం పెట్టారు.

"మిత్రులారా!" అన్నారు డైరెక్టరుగారు. "నేను చేపల శాఖలో పనిచేసేటప్పుడు, చెరువులో ఎన్ని చేపలున్నాయో నీళ్లలోకి దిగకుండానే చెప్పేవాళ్లం. అలాంటిది, చేతిలో పుస్తకం పెట్టుకుని, అందులో ఏముందో ఆరు శతాబ్దాలుగా చెప్పలేకపోవడం పరిపాలనా వైఫల్యం తప్ప మరొకటి కాదు!"

వైఫల్యాన్ని తొలగించే పని ఒక రిటైరైన లెక్కల మాస్టారికి అప్పగించారు. పుస్తకానికి తాళంచెవి తన దగ్గరుందని ఆయనే ఉత్తరం రాసుకున్నారు, అందుకని ఆఫీసులో అందరం ఆయన్ని తాళంచెవి మాస్టారనేవాళ్లం. ఆరు వందల ఏళ్లుగా తేలని విషయాన్ని ఆయన పదకొండు రోజుల్లో తేల్చారు. అందులో రెండు రోజులు జలుబు.

పద్ధతి చాలా శాస్త్రీయం. ఒక్కో అక్షరం సందర్భాన్ని బట్టి తొమ్మిది శబ్దాలు పలుకుతుంది. తొమ్మిదింటిలో ఏదీ అతకకపోతే అది రాసినవాడి పొరపాటు. ఈ సూత్రం ప్రకారం మొదటి ఆకులో "మన పూర్వీకులు మహానుభావులు" అని ఉన్నట్టు తేలింది. రెండో ఆకులో "వారి పూర్వీకులు కూడా" అని ఉంది. మొక్కల బొమ్మల కింద "ఈ మొక్క మంచిది" అనీ, నీళ్ల తొట్ల కింద "స్నానము ఆరోగ్యమునకు మేలు" అనీ ఉంది. అప్పుడే నేను మొదట చెప్పిన ప్రకటన రాసి గోడకు అంటించాను. రెండో జాముకల్లా ఊరంతా గర్వపడింది.

చిక్కల్లా ఒకటే. పుస్తకం మాస్టారి అనువాదానికి పూర్తిగా సహకరించలేదు. రాసినవాడు నాలుగు వేల పన్నెండు చోట్ల పొరపాటు పడ్డాడు. పైగా నలభయ్యో ఆకు సరిగ్గా మూడో ఆకు పక్కనే ఉంటే తప్ప అర్థం కుదరదు. కాబట్టి కుట్టు విప్పి, ఆకులు వరసలో పెట్టి, పొరపాట్లు గీకి, సరైన అక్షరాలు రాయాలని కమిటీ తీర్మానించింది. కమిటీ అంటే డైరెక్టరుగారు, మాస్టారు, తల ఊపడంలో దీర్ఘానుభవం గల మరో ఇద్దరు. గీకి రాయవలసిన మనిషి జిగురు పిన్ని గనుక ఆవిడనూ పిలిపించారు. మినిట్సు రాసుకోవడానికి నేనున్నాను.

పిన్ని చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"అందులో దిద్దడానికేం లేదండీ" అంది.

"నాలుగు వేల పన్నెండు ఉన్నాయమ్మా" అన్నారు మాస్టారు దయగా.

"ఆ కాలంనాటి పుస్తకాలు నా చేతుల్లో మూడు వందల దాకా పడ్డాయండీ. దిద్దుబాటు లేనిది ఒక్కటీ లేదు. రాసేవాడికి కునుకు పడుతుంది, ఒక వరస వదిలేస్తాడు, చాకుతో గీకి మళ్లీ రాస్తాడు. గీకిన చోట తోలు పలచబడి నూగు లేస్తుంది, వేలికి తెలుస్తుంది. ఏడో నంబరులో నూటపదహారు ఆకులూ తడిమాను. ఎక్కడా గీకలేదు. అలాంటిది ఇదొక్కటే."

ఎవరూ అడ్డుకోకపోయేసరికి ఆవిడ ఇంకొంచెం ధైర్యం తెచ్చుకుంది.

"అప్పట్లో ఏ పుస్తకమైనా ఇంకో పుస్తకాన్ని చూసి రాసిందే. ప్రతిదానికీ ఒక తల్లో పిల్లో ఎక్కడో ఓ చోట దొరుకుతుంది. దీనికి తల్లీ లేదు, పిల్లా లేదు. ఈ అక్షరాలతో ఇంకో చిన్న చీటీ కూడా ఎక్కడా దొరకలేదు. మిగతా పుస్తకాలన్నిట్లో మొదట్లో రాజుగారి పేరు పెద్ద అక్షరాలతో, బంగారు పూతతో ఉంటుంది. ఇందులో ఏ అక్షరమూ పక్క అక్షరం కంటే పెద్దది కాదు. చివర్లో రాసినవాడు కాస్త చోటు వదిలి, చిన్న అక్షరాలతో తన నడుంనొప్పి గురించి నాలుగు ముక్కలు రాసుకుని, పుస్తకం ఎత్తుకుపోయినవాడిని తిట్టిపోస్తాడు. ఇందులో అలాంటి చోటే లేదు. ఆకు ఎక్కడ అయిపోయిందో రాత కూడా అక్కడే అయిపోయింది. మంచి తోలు. ఒక మంద మేకలు పోయుంటాయి దీనికి. అంత ఖర్చు పెట్టినవాళ్లు చిటికెడు బంగారం కూడా అద్దలేదు. ఎవరికీ చూపించడానికి కాదండీ ఇది."

"మరి దేనికి?" అన్నారు డైరెక్టరుగారు.

"మొక్కల బొమ్మలున్న ఆకుల్లో కింద కుడి మూలన మరకలున్నాయి. బొటనవేలివి. తిప్పీ తిప్పీ తోలు నల్లబడింది. అంతలా తిప్పారంటే రోజూ చదివారన్నమాట. ఇది చదవడం వచ్చిన మనిషి ఒక్కరైనా ఉండేవారు. నాకు తెలిసిందల్లా అదేనండీ. వాళ్లకి తప్పనిపించనిది మనమెలా దిద్దుతాం?"

నేను కలం ఆపేశాను. మాస్టారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"చాలా హృద్యంగా చెప్పారమ్మా" అన్నారు డైరెక్టరుగారు. "దిద్దండి."

అప్పుడు పిన్ని ఒక్క క్షణం నా వైపు చూసి, "అలాగేనండీ. కాకపోతే రికార్డును సవరించేముందు దాన్ని రాసిన మనిషికి నోటీసు ఇవ్వాలని రూలేదో ఉన్నట్టుంది" అంది.

ఉంది. పద్నాలుగో నిబంధన. రాసినవారు లేకపోతే వారి వారసులకు ఇవ్వాలి. నోటీసు అందినట్టు సంతకం రానిదే సవరణ మొదలుపెట్టకూడదు. నిబంధన నంబరు నా నోటివెంట గర్వంగా వచ్చేసింది. డైరెక్టరుగారు రూలును గౌరవించే మనిషి. ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీద పెట్టాను: "ఏడో నంబరు రాతప్రతిని రచించిన వ్యక్తి గాని, వారి వారసులు గాని, ఈ తేదీ నుండి ముప్పై రోజులలోగా తగు ఆధారములతో హాజరు కావలెను."

పిన్ని తన గదిలో నాకు టీ పోసి ఇచ్చింది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"ఆరు వందల ఏళ్ల కిందటి మనిషి వచ్చి సంతకం చేస్తాడా అబ్బాయ్? వారసులంటూ ఎవరొస్తారు? ఇంక దాని జోలికి ఎవరూ పోలేరు."

ఆవిడకు తోలు గురించి తెలిసినంతగా మనుషుల గురించి తెలియదు.

మూడో రోజు పొద్దున్నే బొత్తాల కొట్టాయన వచ్చాడు. ఆధారమేదీ అని అడిగితే కుడిచేతి బొటనవేలు చూపించాడు. పిన్ని కమిటీలో చెప్పిన మరకల సంగతి నేను మా మాసపత్రికలో ముచ్చటపడి వేశాను, అది చదివాడట. "మా తాతగారి వేలూ ఇంతే. ఏది ముట్టుకున్నా మరకే" అన్నాడు. రసీదు ఇచ్చాను. మధ్యాహ్నానికి మరో పదకొండు మంది వచ్చారు. పదో రోజుకు వరస మెట్లు దిగి వీధి మలుపు దాకా వెళ్లింది. ముప్పయ్యో రోజు సాయంత్రం కౌంటరు మూసేసరికి వారసుల సంఖ్య రెండు వేల మూడు వందల పదహారు.

ఇంత పెద్ద కుటుంబంలో అభిప్రాయభేదాలు సహజం. మరక వెడల్పును బట్టి రాసినవారిది లావు వేలని కొందరు, తోలు సాగడం వల్ల అలా కనిపిస్తుందేగాని నిజానికి సన్న వేలేనని కొందరు వాదించారు. లావు వేలివారికొక సంఘం, సన్న వేలివారికొక సంఘం, ఎవరితోనూ విరోధం వద్దనుకునే మధ్యరకం వేలివారికొక సంఘం ఏర్పడ్డాయి. లావు వేలివారు సన్న వేలివారి ఇళ్లకు పిల్లనివ్వడం మానేశారు. స్కూల్లో పంతులమ్మలు పిల్లలను వేళ్లు చూసి వరసల్లో కూర్చోబెట్టారు. అన్ని సంఘాలూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న విషయం ఒక్కటే. తాళంచెవి మాస్టారి అనువాదం తప్పు. "మా తాతగారు ఇంత చప్పగా రాసే మనిషి కాదు" అని రెండు వేల మూడు వందల పదహారు మందీ రాసిచ్చారు. మాస్టారు ఆ అవమానం భరించలేక నాలుగు రోజులు బయటికి రాలేదు. అయిదో రోజు వచ్చి సన్న వేలివారి సంఘానికి గౌరవాధ్యక్షులయ్యారు.

ఆ విధంగా దిద్దుబాటు ఆగిపోయింది. పిన్ని కోరుకున్నది అదే. కానీ సంఘాలన్నీ పుస్తకం తమకే అప్పగించాలంటూ కోర్టుకెళ్లాయి. నిజమైన వారసులెవరో తేలేదాకా ఏడో నంబరును ఇనుప పెట్టెలో పెట్టి సీలు వేయాలని జడ్జిగారు ఆదేశించబోతుండగా, వెనక బెంచీలోంచి పిన్ని లేచింది.

"అయ్యా, ఏడాదికి రెండుసార్లయినా తీసి గాలి తగలనివ్వాలండీ. లేకపోతే తోలుకు పురుగు పడుతుంది."

"మీరు లావు వేలివారా, సన్న వేలివారా?"

"నేను వారసురాలిని కాదండీ."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. అలాంటి మనిషి ఇంకా మిగిలి ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

"మరి ఈ గ్రంథంతో మీకు సంబంధం?"

"దానికి జిగురు రాస్తానండీ."

జడ్జిగారు సానుభూతితో తల పంకించి తీర్పులో ఒక వాక్యం చేర్చారు. సంరక్షణ నిమిత్తం పెట్టె తెరవాలంటే నమోదైన వారసులలో ఒకరైనా దరఖాస్తు మీద సంతకం చేయాలి. ఆ సంతకం లేనిదే ఏ సంబంధమూ లేని వ్యక్తులు దానిని ముట్టరాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారు విషయం తేల్చేశారు. ఈ మాట పిన్నే నాకు చెప్పింది.

"గడువు పొడిగించారటగా. నువ్వూ ఒక కాగితం పడెయ్యవే. నీ వేలికేం తక్కువ? ఇరవయ్యారేళ్లు ముట్టుకున్నావు, నీ మరక కూడా ఈపాటికి పడే ఉంటుంది."

"అబద్ధం కదత్తయ్యా."

"అందరూ కలిసి చెప్పేది అబద్ధం ఎలా అవుతుందే? పుస్తకం బతకాలా వద్దా?"

పిన్ని మర్నాడు నిజంగానే ఫారం తీసుకుంది. నా బల్ల దగ్గరే నిలబడి నింపింది. పేరు రాసింది, చిరునామా రాసింది. "రచయితతో మీ సంబంధం" అన్న గడి దగ్గర ఆగిపోయింది. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటున్నా చాలాసేపు అలాగే నిలబడింది. చివరికి "తెలియదు" అని రాసి ఇచ్చింది. అసంపూర్ణంగా ఉన్నదని ఆ ఫారం తిరిగి వచ్చింది. తిప్పి పంపింది నేనే. నిబంధన అలా ఉంది.

అప్పుడు ఆవిడ వారసుల జాబితా తిరగేసింది, తెలిసినవాళ్లెవరైనా సంతకం పెడతారేమోనని. మొదటి గడువులో నమోదైనవాళ్లలో చివరి పేరు దగ్గర వేలు ఆగింది. రెండు వేల మూడు వందల పదహారు.

"నువ్వు కూడానా అబ్బాయ్?"

"అందరూ వేస్తుంటే... ఎందుకైనా మంచిదని..." అన్నాను.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పోనీలే, మంచిదే అయింది. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు. అరగంట చాలు నాకు. దులిపి మళ్లీ పెట్టేస్తాను" అంటూ కాగితం నా ముందుంచింది.

పాఠకులు నన్ను అపార్థం చేసుకోకూడదు. పిన్ని అంటే నాకు గౌరవం. ఆవిడ టిఫిను డబ్బాలో నా వాటా లేని రోజు లేదు. కానీ నేను మధ్యరకం వేలివాణ్ణి. మా సంఘం ఎవరి పక్షమూ వహించదని తీర్మానం చేసింది. నేను సంతకం పెడితే, పెట్టె తెరిచింది మధ్యరకం వారని లావు వేలివారు అనుకోవచ్చు. అందుకని సంఘాన్ని అడిగి చెబుతానన్నాను. సంఘం ఉపసంఘం వేసింది. పిన్ని రెండో నెల వచ్చింది. అయిదో నెల వచ్చింది. "వానాకాలం వచ్చేస్తోంది అబ్బాయ్" అంది. నిర్ణయం పరిశీలనలో ఉందన్నాను. నాలుగోసారి వచ్చినప్పుడు ఏమీ అడగలేదు. కాగితం బల్ల మీద పెట్టి, అది ఎగిరిపోకుండా నా సిరాబుడ్డి దాని మీద జరిపి వెళ్లిపోయింది. నేను దానికి నంబరు వేసి ఫైల్లో పెట్టాను.

పదకొండో నెలలో, గది తుడిచే ఆమె ఇనుప పెట్టె కింద గోధుమరంగు పొడి చూసింది. పిన్నిని పిలిచాం. మోకాళ్ల మీద కూర్చుని, కాస్త పొడి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసింది.

"తోలు" అంది. చెయ్యి దులుపుకోకుండానే లేచి వెళ్లిపోయింది.

కోర్టు అనుమతితో మూడు సంఘాల సమక్షంలో పెట్టె తెరిచారు. అట్టలు ఉన్నాయి. మధ్యలో ఒక ఆకు ఎత్తబోతే జల్లెడలా పైకి లేచి, డైరెక్టరుగారి చేతిలో రాలిపోయింది. మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా ఏదీ వదలకుండా వెళ్లింది పురుగొక్కటే. డైరెక్టరుగారు ఆ సందర్భంగా మాట్లాడుతూ, "మిత్రులారా! ఇంతకాలం ఈ మహాగ్రంథం ఒక్క చోటే ఉండిపోయింది. నేడు అది ఇంటింటికీ వెళ్లగల స్థితికి చేరుకుంది" అన్నారు. చప్పట్లు మోగాయి. లావు వేలివారు, సన్న వేలివారు కళ్లనీళ్లతో కౌగిలించుకున్నారు. పొడిని అందరికీ సమంగా పంచాలని అక్కడికక్కడే తీర్మానం జరిగింది. ఎవరి వాటా వారికి చిన్న గాజుసీసాలో, మూతకు ఎర్రదారం కట్టి ఇచ్చారు.

నా సీసా మా ముందుగది బీరువాలో ఉంది. వచ్చినవాళ్లు చూసి చెప్పులు విప్పుతారు. మొన్న ఒకరోజు మనసు ఆగక పిన్ని గదికి వెళ్లాను. ఆవిడ ఎనిమిదో నంబరుకు జిగురు రాస్తోంది. రాజుగారి పొగడ్త మొదట్లో, నడుంనొప్పి చివర్లో ఉన్న మామూలు పుస్తకం. ఊళ్లో దానికి ఇంకో నాలుగు నకళ్లున్నాయి.

"పిన్నిగారూ, నా వాటాలోంచి కొంచెం మీకు..."

"దగ్గరికి తేకు. తుమ్ములొస్తాయి" అంది తల ఎత్తకుండా.

ఆవిడ బాధ ఆవిడది. నేను మాత్రం నా ఉద్యోగధర్మంగా ఒక విషయం తెలియజేయాలి. గడువు పొడిగించాక నమోదైనవారి సీసాలు కొన్ని ఇంకా మా కౌంటరులోనే పడి ఉన్నాయి. జాబితా రాసింది నేనే కాబట్టి ఖాయంగా చెబుతున్నాను, అందులో మీ పేరు కూడా ఉంది. వచ్చి తీసుకెళ్లండి. బొటనవేలు చూపిస్తే చాలు. చదవడం వచ్చా అని మిమ్మల్ని ఇక్కడ ఎవరూ అడగరు.